ఏటేటా పూసే మసీదు, మా అవ్వ మిద్దె

మాలి దేశంలో నైజర్ నదికీ దాని ఉపనది బానీకీ నడుమ ఉన్న వరదమైదానంలో జెన్నే అనే పాత పట్టణం ఉంది. ఆ ఊరి సంతబయలులో నిలబడి ఉన్న పెద్ద మసీదు, పచ్చిమట్టితో కట్టిన కట్టడాలలో ప్రపంచంలోకెల్లా పెద్దదని పేరు తెచ్చుకుంది. ఇప్పుడున్న కట్టడం 1907లో పూర్తయింది కనుక దానికి నూరేళ్ళు దాటాయి. అయినా ఎవరైనా వెళ్ళి ఆ గోడకు అరచేయి ఆనిస్తే, చేతికి తగిలే మట్టికి మామూలుగా ఏడాది వయసు కూడా ఉండదు. వానాకాలం రాకముందే ఊరంతా కలిసి దానికి ఏటేటా కొత్త మట్టి పూస్తారు; వానలు ఆ పూతను కొంత కడిగేస్తాయి; మరుసటేడు మళ్ళీ పూస్తారు.

నేను వృత్తిరీత్యా సివిల్ ఇంజనీరును. ఇరవై ఏళ్ళుగా సిమెంటు, ఇనుప కడ్డీల మధ్యనే బతుకుతున్నాను. మా లెక్కల్లో ప్రతి కట్టడానికీ ఒక ఆయుష్షు ఉంటుంది. నిర్వహణ ఖర్చు అన్నది ఎస్టిమేటు చివరలో, ఎవరికీ ఇష్టం లేకుండా చేరే ఒక పద్దు. జెన్నే గురించి మొదటిసారి చదివినప్పుడు ఆ మసీదు అందం కంటే ముందు నన్ను ఆపింది ఈ పద్దు తలకిందులు కావడమే. అక్కడ ఏటేటా చేసే మరమ్మతు పక్కన పెడితే మిగిలేది కొన్ని వానలకు కరిగిపోయే మట్టిదిబ్బ. నూరేళ్ళుగా నిలిచి ఉన్నది గోడా, గోడను పూయడం తెలిసిన చేతులా అన్న ప్రశ్న నాకు అప్పటినుంచీ వదల్లేదు. జెన్నేకు నేను వెళ్ళలేదు. చదివినదీ, చిత్రాల్లో చూసినదీ, మా ఊరి మట్టిమిద్దె గురించి నాకు గుర్తున్నదీ కలిపి ఇది రాస్తున్నాను.

ఆఫ్రికా చేతిపనుల మాట వస్తే ఎక్కువమంది బెనిన్ ఇత్తడి శిల్పాల దగ్గర మొదలుపెడతారు. నేటి నైజీరియాలో ఉన్న ఆ రాజనగరాన్ని 1897లో బ్రిటిష్ సేన కొల్లగొట్టి, వేలకొద్దీ శిల్పాలను యూరప్‌కు తరలించింది. అవి మ్యూజియాలలోకి చేరాయి కనుక వాటిని పోతపోసినవారి పనితనాన్ని, ఆలస్యంగానైనా, లోకం ఒప్పుకుంది. మట్టిగోడను ఓడలో వేసుకుని పోవడం కుదరదు. మట్టిపనిని ఒక విద్యగా లెక్కపెట్టడంలో జరిగిన జాప్యానికి అది కూడా ఒక కారణమని నా అనుమానం.

జెన్నే చుట్టుపక్కల కట్టడానికి పనికొచ్చే రాయి లేదు. ఏటా నదులు పొంగి మైదానాన్ని ముంచి, వెనక్కి తగ్గుతూ సన్నని ఒండ్రు వదిలి వెళ్తాయి. అక్కడివారి చేతికి అందిన ద్రవ్యం అదే. అంతమాత్రాన దీన్ని గతిలేక చేసిన పనిగా చూడడం పొరపాటు. ఇప్పటి పట్టణానికి సుమారు మూడు కిలోమీటర్ల దూరంలో జెన్నే-జెనో అనే పాటిదిబ్బ ఉంది. 1977లో అక్కడ తవ్వకాలు చేపట్టిన పురాతత్త్వవేత్తలు, క్రీ.పూ. 250 ప్రాంతం నుంచే జనం అక్కడ కాపురమున్నారనీ, మొదటినుంచీ ఇనుము వాడారనీ, క్రమంగా ఆ ఊరు సుమారు రెండు కిలోమీటర్ల ప్రాకారం గల నగరంగా ఎదిగిందనీ తేల్చారు. ఉత్తరాన్నుంచి ఎడారి దాటి అరబ్బు వర్తకులు వచ్చాకే ఆ ప్రాంతంలో నగరాలు పుట్టాయన్న పాత నమ్మకం దాంతో పోయింది. ఆ ప్రాకారంలో వాడినవి స్తూపాకారంగా చేతితో చేసిన పచ్చి ఇటుకలు. అలాంటివే జెన్నేలో 1930ల దాకా వాడుకలో ఉన్నాయి. అచ్చు లేకుండా చేతితో చేసిన ఆ ఇటుకను ‘జెన్నే-ఫెరే’ అనేవారు. ఆ తరువాత చెక్క అచ్చులో పోసే పలక ఇటుక వచ్చింది. దానికి పెట్టిన పేరు ‘తుబాబు-ఫెరే’, అంటే తెల్లదొర ఇటుక. మన దగ్గర బెంగుళూరు పెంకు, సీమ సున్నం అన్నట్టే పేరులోనే దాని పుట్టుక ఉంది. ముసలి మేస్త్రీలు మాత్రం పాత ఇటుకతో కట్టిన గోడే గట్టిదని ఇప్పటికీ అంటారట. ఎక్కడైనా ముసలి మేస్త్రీలు అనే మాటే ఇది, కాని ఆ పాత గోడలు చాలా మందంగా ఉండేవి కనుక నేను వారితో వాదించను.

పూతకూ గోడకూ వాడే తడిమట్టిని అక్కడ బాంకో అంటారు. నది ఒడ్డున తవ్విన మన్నును గుంతల్లో పోసి, నీళ్ళు పెట్టి, వరిపొట్టు కలిపి, వారాల తరబడి వదిలేస్తారు. నాననిస్తారు అనడం చాలదు, అది కుళ్ళాలి. పొట్టు పులిసి బంకలాంటి పదార్థం పుడుతుంది, అది మట్టిరేణువులను పట్టి ఉంచుతుంది. కుళ్ళకుండా మిగిలిన పొట్టు సన్నని నారలా పనిచేసి, మట్టి ఎండి ముడుచుకునేటప్పుడు వచ్చే ఒక పెద్ద పగులును కనబడని వంద చిన్న పగుళ్ళుగా పంచేస్తుంది. కొందరు అందులో షియా అనే చెట్టు గింజల వెన్న, బావొబాబ్ పొడి కూడా చేరుస్తారు. (బావొబాబ్ అంటే మనకు కొత్త కాదు, హైదరాబాదులో గోల్కొండ నయాఖిల్లా లోపల ‘హతియాన్ చెట్టు’ అని చూపించే మహావృక్షం అదే, ఆఫ్రికా నుంచి వచ్చినదే.) మధ్యమధ్య పిల్లలు ఆ గుంతల్లోకి దిగి తొక్కుతారు. కంపు భరించలేమని చూసివచ్చినవారు రాస్తారు. ‘అడుసు తొక్కనేల, కాలు కడగనేల’ అన్న మన సామెత జెన్నే పిల్లల దగ్గర పనిచేయదు. ఊరు ఊరంతా మెచ్చుకుంటుండగా అడుసులో దొర్లగలిగే రోజు వాళ్ళకు ఏడాదికి ఒక్కసారే వస్తుంది.

ఆ మట్టి ఎప్పటికి పక్వానికి వస్తుందన్నది ఏ కాగితం మీదా లేదు. ఇన్ని రోజులు అని ఒక లెక్క చెబుతారు గాని, ఆ ఏడు ఎండ ఎంత ఉంది, పొట్టు ఎంత మెత్తది, మన్ను ఏ మడుగు దగ్గరిది అన్నదాన్నిబట్టి ఆ లెక్క మారుతుంది. మేస్త్రీ వచ్చి, ఒక ముద్ద తీసి, వేళ్ళ మధ్య నలిపి చూసి, ఇంకా ఉండనీ అంటాడు, లేదా ఎత్తండి అంటాడు.

ఇది చదువుతున్నప్పుడే నాకు మా అవ్వ గుర్తుకు వచ్చింది. అనంతపురం జిల్లాలో మా అమ్మ పుట్టిన ఊళ్ళో ఇళ్ళన్నీ ఒకప్పుడు మట్టిమిద్దెలే. రాళ్ళగోడల మీద దూలాలు, దూలాల మీద దంతెలు, వాటి మీద కట్టెలూ ఆకూ పరిచి, ఆపైన జానెడు మన్ను వేసి, అన్నిటికంటే పైన చౌడు పరుస్తారు. చౌడు అంటే పంట పండని ఉప్పునేల మన్ను. తడి తగలగానే అందులోని బంకమన్ను విడిపోయి, ఉబ్బి, సందులన్నీ మూసేస్తుంది. నీళ్ళు లోపలికి దిగకుండా పైనుంచే జారిపోయి దోనెల గుండా బయట పడతాయి. పైరుకు చేటు చేసే గుణమే పైకప్పుకు మేలు చేస్తుందన్నమాట. మృగశిర కార్తె రాకముందే ఏటేటా కొత్త చౌడు వేయాలి. చౌడు గుంట దగ్గర మా అవ్వ చిటికెడు మన్ను నాలుకకు అద్దుకుని, ఉమ్మేసి, ఇక్కడ వద్దు ఆ గట్టువైపు తవ్వండి అని చెప్పడం నేను చూశాను. ఇంజనీరింగు కళాశాలలో నాలుగేళ్ళు మట్టి పరీక్షలు చదివాను గాని, నాలుకతో చేసే పరీక్ష అందులో లేదు. మిద్దెకు నడుమ వెలుతురు కోసం, పొగ పోవడం కోసం గవాక్షి ఉండేది. మొదటి చినుకు పడగానే ఎవరో ఒకరు పైకి పరుగెత్తి దాని మీద రాతిపలక కప్పేవారు. జెన్నే మసీదు పైకప్పులోనూ ఇలాంటి రంధ్రాలే ఉన్నాయి, వాటి మీద కాల్చిన మట్టిమూతలు ఉంటాయి. ఆ పోలిక చూసినప్పుడు, ఎప్పుడూ వినని ఒక దూరపు బంధువు ఇంటి పేరు మన ఇంటి పేరే అని తెలిసినట్టు అనిపించింది.

పూత రోజు సంగతికి వస్తాను. సాధారణంగా అది వానలకు ముందు, ఏప్రిల్ ప్రాంతంలో జరుగుతుంది. తేదీని ఊరి పెద్దలూ మేస్త్రీలూ కలిసి నిర్ణయిస్తారు. ఊరిలోని పేటలన్నీ పని పంచుకుంటాయి. అమ్మాయిలూ స్త్రీలూ నది నుంచి నీళ్ళు మోస్తారు. కుర్రవాళ్ళు గంపలకొద్దీ మట్టిని గుంతల దగ్గరనుంచి మసీదు గోడల దాకా పరుగులతో చేరవేస్తారు. ముందు ఎవరి పేట గంప చేరుతుందన్నది పెద్ద పోటీ. డప్పులు మోగుతూనే ఉంటాయి. మేస్త్రీలు నిచ్చెనలు ఎక్కి, గోడలోంచి బయటకు పొడుచుకొచ్చిన కొయ్యల మీద నిలబడి, పైనుంచి కిందికి పూసుకుంటూ వస్తారు. వయసైపోయి ఎక్కలేని మేస్త్రీలను సంతబయలులో గౌరవంగా కూర్చోబెడతారు. వాళ్ళు పని చేయరు, చూస్తారు. ఎవరి చేయి ఎలా కదులుతోందో అక్కడ ఉన్నవారందరిలో వాళ్ళకే బాగా తెలుసు, పైన ఉన్నవారికి ఆ సంగతి తెలుసు.

ఆ కొయ్యల గురించి ఒక మాట. మసీదు ఫొటో చూసిన ఎవరికైనా ముందు కనబడేవి అవే, గోడల నిండా వరుసలు తీరిన ముళ్ళలాగా. వాటిని తోరోన్ అంటారు. అలంకారమే అనుకుంటాము గాని, అవి ఏడాది పొడుగునా గోడలోనే ఉండిపోయే పరంజా. ఎప్పటికీ అయిపోని పనికి పరంజాను ఊడదీయడం దేనికి? అవి తాటి జాతికి చెందిన కొయ్యలు; అక్కడి తాడిచెట్టు మన తాడికి దాయాది, వృక్షశాస్త్రంలో ఒకే కుదురు. ముదిరిన తాటికి చేవ ఎక్కువ, చెద పట్టదు అని మన వడ్రంగులు చెప్పే మాటనే అక్కడివారూ చెబుతారు. ఇప్పుడు ఆ చెట్లు తగ్గి, ఇళ్ళ కప్పులకు యూకలిప్టస్ వాడుతున్నారు. దానికి ఆ చేవ లేదు.

పూయడం చేతితోనే. గోడ కట్టేటప్పుడు తాపీ ఉంటుంది, పూతకు మాత్రం అరచేయే పనిముట్టు. ముద్దను గోడకు కొట్టి, మణికట్టు దగ్గరి మెత్తని భాగంతో ఒత్తి, వేళ్ళతో లాగుతూ పోతారు. జెన్నే గోడల అంచులు ఎక్కడా కత్తిలా ఉండకుండా మనిషి భుజంలా ఒంపు తిరిగి ఉండడానికి కారణం అదే. ఆ ఒంపుల వల్ల వాననీరు ఒకచోట నిలవకుండా జారుతుంది. ఆర్కిటెక్టుగా చదువుకుని తరువాత మానవశాస్త్రంలోకి వెళ్ళిన ఒక పరిశోధకుడు ఈ మేస్త్రీల దగ్గర కూలివాడిగా చేరి, ఇటుకలు అందిస్తూ పని నేర్చుకున్నాడు. అక్కడ పాఠం చెప్పడం అంటూ పెద్దగా ఉండదనీ, చూసి చేయడం, తప్పు చేస్తే తిట్టో వేళాకోళమో వినడం, మళ్ళీ చేయడం, ఇదే చదువనీ ఆయన రాతలవల్ల తెలుస్తుంది. పిల్లలు ఏడెనిమిదేళ్ళ వయసులోనే పనిలోకి వస్తారు. తూకం గుండు, దారం ఉంటాయి గాని నమూనా చిత్రాలు ఉండవు. ఇంటివారితో మాట్లాడి, స్థలంలో అడుగులతో కొలిచి, మొదలుపెడతారు. మాకైతే గోడ ఎక్కడ రావాలో నాలుగు కాగితాలు చెప్పాలి, ఆ నాలుగూ ఒకదానితో ఒకటి కుదరకపోతే ఐదోదాని కోసం ఆగాలి.

జెన్నే మేస్త్రీలకు ‘బరే తోన్’ అనే సంఘం ఉంది. కూలి రేట్లు నిర్ణయించేదీ, తగవులు తీర్చేదీ, మసీదు పూతను నడిపేదీ ఆ సంఘమే. వారి విద్యలో రెండు పాళ్ళు ఉన్నాయని చెబుతారు: ‘బేయ్-కోరేయ్’, అంటే తెల్ల విద్య, ఖురాను నుంచి వచ్చిన దీవెనలు, రక్షలు, ‘బేయ్-బిబి’, అంటే నల్ల విద్య, ఇస్లాముకు ముందునుంచీ వంశాల్లో రహస్యంగా వస్తున్న మంత్రాలు. పునాదిలో తృణధాన్యాలు వేసి, పెదవులు కదిలీ కదలకుండా ఏదో పఠించి, అప్పుడు గాని మొదటి ఇటుక పెట్టరు. ఒకప్పుడైతే నేను ఇందులోంచి మంత్రాలను తీసి పక్కన పెట్టి, మిగిలినదే సాంకేతిక విద్య అని చెప్పి ఉండేవాడిని. ఇప్పుడు అంత ధీమా లేదు. తాయెత్తు గోడ పగులును ఆపుతుందని నేను నమ్మను. కాని ఇంటిల్లిపాదీ పడుకునే కప్పును మోసే గోడ తాను కడుతున్నానన్న భయమూ, దానికి తానే జవాబుదారునన్న మాటా ఆ పఠనంలో ఉన్నాయి. మా పనిలో దాన్ని ఒక సర్టిఫికెట్టుగా మార్చి, సంతకం పెట్టి, ఫైలులో పెట్టేస్తాము.

ఆ జవాబుదారీతనానికి ఇంకొక కట్టు ఉంది. జెన్నేలో ఒక్కో కుటుంబానికి ఒక్కో మేస్త్రీ ఉంటాడు. ఇంటివారు అతన్ని కాదని మరొకరిని పిలవరు. అతను పోతే అతని కొడుకో శిష్యుడో ఆ ఇంటి పని చూస్తాడు. ఏ గోడ ఎప్పుడు వంగింది, ఏ గది కింద పాత బావి పూడ్చారు అన్న చరిత్ర ఆ మేస్త్రీ దగ్గర ఉంటుంది. మన ఊళ్ళలో, ఊరి పని చేసి పంటలో వాటా పుచ్చుకునే ఆయగాళ్ళ పద్ధతి ఇలాగే ఉండేది. పోలిక అంటూ తెచ్చాక సగం చెప్పి ఊరుకోవడం సరికాదు: మన దగ్గర ఆ ఏర్పాటు కులానికి కట్టుబడి, చేసేవారిని కింద ఉంచడానికి పనికొచ్చింది. మట్టి తవ్వి, రాయి కొట్టి ఊళ్ళనూ చెరువులనూ కట్టిన ఒడ్డెరలను ఏ ఊరి నడిబయలులోనూ గౌరవంగా కూర్చోబెట్టిన జ్ఞాపకం నాకు లేదు. మాలి సమాజమూ ఈ విషయంలో స్వర్గమేమీ కాదు. అక్కడ కమ్మరులు, తోలుపనివారు తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకునే వేరు శ్రేణులుగా ఉండిపోయారు. కుండలు చేసేది అక్కడ స్త్రీలు, చాలాచోట్ల కమ్మరుల ఇంటి ఆడవారు. వారి మీద భయమూ గౌరవమూ చిన్నచూపూ మూడూ కలగలిసి ఉంటాయి.

మట్టి కట్టడాన్ని కూల్చాలంటే ఏం చేయాలో జెన్నే చరిత్రలోనే ఉంది. మొదటి మసీదును 13వ శతాబ్దంలో ఇస్లాము స్వీకరించిన కోయి కొన్బోరో అనే రాజు కట్టించాడని అక్కడి సంప్రదాయం. 19వ శతాబ్దపు మొదట్లో సేకు అమాదు అనే ఫులానీ మతనాయకుడు జెన్నేను జయించాడు. ఆ మసీదు ఆడంబరం ఆయనకు నచ్చలేదు. కాని మసీదును పడగొట్టడం పాపం. ఆయన దానిమీద గునపం వేయించలేదు. దోనెలు మూయించి, పూత ఆపించి, వానకు వదిలేశాడని చెబుతారు. 1828లో ఆ ఊరికి వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు రెనే కైయే చూసేనాటికే లోపల వేలాది పక్షులు గూళ్ళు కట్టుకుని, దుర్వాసనకు ఎవరూ వెళ్ళలేని స్థితి. ఆ శతాబ్దం ముగిసేసరికి మిగిలింది శిథిలాలే. ఊరక ఉండడమే అక్కడ కూల్చివేత.

1893లో ఫ్రెంచివారు జెన్నేను ఆక్రమించారు. వారి హయాంలోనే, మేస్త్రీల సంఘానికి పెద్ద అయిన ఇస్మాయిలా త్రావొరే చేతుల మీదుగా ఇప్పటి మసీదు లేచింది. వలస ప్రభుత్వం దానికి వెట్టిచాకిరీ వాడుకుంది. ఆ మాట దాచి మసీదు సొగసు వర్ణించడం నాకు ఇష్టం లేదు. ఇంత చక్కటి ఆకృతి ఫ్రెంచి ఇంజనీరుదే అయి ఉంటుందని చాలాకాలం కొందరు రాస్తూ వచ్చారు. కట్టింది జెన్నే మేస్త్రీలేననీ, ఆ స్తంభాలూ శిఖరాలూ అక్కడి ఇళ్ళ ముఖద్వారాలలో ముందే ఉన్నవేననీ తరువాతి పరిశోధకులు చూపించారు. ఇక దక్షిణ ఫ్రాన్సులోని ఫ్రేజుస్‌లో, వలస సైన్యంలోని పశ్చిమాఫ్రికా సిపాయిల కోసం 1930లో ఈ మసీదు నమూనాలో ఒక కట్టడం కట్టారు. అది కాంక్రీటు, పైన ఎర్రమట్టి రంగు. దాన్ని ఏటేటా పూయడానికి ఏ పేట కుర్రవాళ్ళూ పరుగెత్తనక్కరలేదు.

ఇంతవరకూ చదివి, ఊరివారికి అన్నీ తెలుసు, బయటివారికి ఏమీ తెలియదు అనుకుంటే కథ సులువైపోతుంది. అలా జరగలేదు. 2006 సెప్టెంబరులో ఆగాఖాన్ ట్రస్టు తరఫున కప్పు స్థితిని పరీక్షించడానికి వచ్చిన పనివారు మసీదు పైకప్పును తవ్వుతుండడం చూసి ఊరివారు కొందరు తిరగబడ్డారు. అల్లరి ఊరంతా పాకింది. మసీదులో అమెరికా రాయబార కార్యాలయం బహూకరించిన పంకాలను కూడా పీకి పారేశారు. కాని ఆ పరీక్ష అవసరమే. దశాబ్దాల తరబడి పూత మీద పూత, కప్పు మీద మట్టి మీద మట్టి పేరుకుని బరువు పెరిగిపోయింది. 2009 నవంబరు 5న, ఒక్కరోజులో 75 మిల్లీమీటర్ల వాన పడి, దక్షిణపు బురుజు పైభాగం కూలింది. తరువాత ఆ ట్రస్టే డబ్బు పెట్టగా, జెన్నే మేస్త్రీలే దాన్ని తిరిగి కట్టారు. పేరుకున్న పాత పొరలను చెక్కి తీసేశారు. అంటే ఏటేటా పూయడం ఎంత ముఖ్యమో, ఎప్పుడో ఒకసారి పాత పూతను దింపడమూ అంతే ముఖ్యం. మా మిద్దెల మీద కూడా ఇదే జరిగేది. పాత చౌడును పారతో గీకకుండా ఏటా కొత్తది వేసుకుంటూ పోయినవారి ఇళ్ళలో దూలాలు ముందు వంగేవి. పూయడం పండుగ కనుక అందరూ వస్తారు. గీకడానికి ఎవరూ డప్పు కొట్టరు.

యునెస్కో 1988లో జెన్నేను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది, 2016లో ప్రమాదంలో ఉన్నవాటి పట్టికలోకి మార్చింది. ఈ గౌరవం వల్ల ఇళ్ళవారికి కలిగిన చిక్కు వేరు. వరిపొట్టు ధర పెరిగింది, మేస్త్రీ కూలి పెరిగింది, ఏడాదికో రెండేళ్ళకో పూత తప్పదు. అందుకని కొందరు ఇంటి గోడలకు కాల్చిన మట్టిపలకలు అతికించుకున్నారు. అవి పాత రూపాన్ని చెడగొడుతున్నాయని నిపుణుల అభ్యంతరం. మట్టినేల తీసి పలకలు పరుచుకుంటామన్నా, స్నానాలగది మార్చుకుంటామన్నా ఆంక్షలే. మా ఇల్లు మ్యూజియం అయింది, మేము అందులో బొమ్మలమా అని వారు అడిగితే నా సానుభూతి వారి వైపే. మసీదుకు ఊరంతా వస్తుంది. వితంతువు ఇంటి పిట్టగోడకు ఎవరు వస్తారు? ఒక పనిని విద్య అని మెచ్చుకునేవారు దాని కూలి ఎవరు ఇస్తారో కూడా చెప్పాలి.

సిమెంటు సంగతి మాత్రం నేను సొంత అనుభవం మీద చెప్పగలను. మా అవ్వ పోయాక, ఏటేటా చౌడు వేసే బాధ తప్పుతుందని, వంటింటి మట్టిగోడకు సిమెంటు పూత, మిద్దె మీద సిమెంటు గచ్చు వేయించాము. సలహా నాదే, అప్పటికి ఉద్యోగంలో చేరి రెండేళ్ళు. మేస్త్రీ ఒకసారి సందేహించాడు, ఇంజనీరు చెప్పాడు కదా అని వేసేశాడు. మట్టిగోడ తడిని పీల్చుకుని, ఎండకు వదిలేస్తుంది. సిమెంటు పూత ఆ దారి మూసేస్తుంది. పునాది నుంచి ఎక్కిన తడి బయటకు పోలేక లోపలే నిలిచింది. మూడో ఏడు వానల్లో, పైకి నునుపుగా ఉన్న గోడ మీద మా మామ వేలితో కొడితే డొల్ల మోత వచ్చింది. ఆ వారంలోనే పూత ఒక నిలువు పలకలా ఊడి పడింది, దాని వెనక అంగుళాల మందాన మన్ను ముద్దలా అంటుకుని వచ్చింది. దాని లోపలివైపు చెమ్మకు నల్లబడి ఉంది. ఆ వాసన ఇప్పటికీ గుర్తుంది. మామ నన్ను ఏమీ అనలేదు. ఆ గోడ తీసేసి ఇటుకతో కట్టించాము, రెండేళ్ళకు మిద్దె కూడా తీసేశాము.

ఈ రాత మొదలుపెట్టిన రోజు రాత్రి అమ్మకు వీడియో కాల్ చేశాను. గోడ మెత్తడానికి కలిపిన మన్ను తయారైందని అవ్వ ఎలా కనుక్కునేది, ఎన్ని రోజులు నానబెట్టేవారు అని అడిగాను. అమ్మ కాసేపు ఆలోచించింది. రోజుల లెక్క ఏదో చెప్పబోయి, ఆ ఏడు అట్లా కాదులే అని మార్చుకుంది. తరువాత, ‘అదేముంది రా, చూస్తే తెలుస్తాది, ఇట్లా ఉంటాది’ అంటూ ఫోన్ గోడకు ఆనించి, కుడిచేయి పైకెత్తి, బొటనవేలిని మిగిలిన వేళ్ళ కొసల మీద మెల్లగా ఆడించింది. మన్ను ముట్టి ముప్పై ఏళ్ళయిన చేయి అది. ఇట్లా అంటే ఎట్లా అమ్మా, జిగటగానా, మెత్తగానా అన్నాను. ‘ఇట్లా’ అంది మళ్ళీ, వేళ్ళు ఇంకా కదులుతుండగానే.